మేడ మీది అమ్మాయికి, పడవ నడిపిన అబ్బాయికి, ఇంకా కొందరికి కృతజ్ఞతలు

విజయవాడ సింగ్ నగర్‌లోని మా ఇంట్లోంచి బుడమేరు వాగు వరద నీళ్లు దిగిపోయి చాలా రోజులైంది. ఈ నాలుగు మాటలు అప్పుడే రాయవలసింది. ఇల్లు కడుక్కునే పనిలో పడి కొంత, సిగ్గు వల్ల కొంత ఆలస్యమైంది. ఆ సిగ్గు దేనికో కూడా చెబుతాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు నీళ్లను కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ ఛానల్‌కు గండ్లు పడ్డాయనీ, మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిందనీ మాకు తరువాత తెలిసింది. ఆ ఉదయం మాకు తెలిసిందల్లా, గేటు దగ్గర చీలమండల లోతున్న నీళ్లు కాఫీ తాగేలోపు మోకాళ్లకు వచ్చాయన్నదే. ఎనభై దాటిన మా అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి పై అంతస్తుకు మోసినవాళ్లు పక్కింటి కుర్రాళ్లు. మూడేళ్లుగా వాళ్ల బైకుల చప్పుడు మీద ఫిర్యాదు చేస్తూ వచ్చినవాణ్ణి నేను.

రెండో అంతస్తులో బట్టలు కుట్టుకుని బతికే అమ్మాయి, అద్దెకు ఉంటున్నది, ఎవరూ అడగకుండానే మేడ మీది పదహారు మంది బాధ్యతను తన చేతుల్లోకి తీసుకున్నది. ప్రతి గంటకూ మెట్ల మీద సుద్దముక్కతో గీత గీసి, నీళ్లు ఎక్కుతున్నాయో ఆగాయో చూసేది. ఉన్న తాగునీళ్లన్నీ ఒకచోట చేర్చి, పిల్లలకూ జబ్బు మనుషులకూ మొదట, తక్కినవారికి ఆ తరువాత పోసింది. తన వంతు ఎప్పుడూ చివరిదే. కరెంటు లేక ఫ్రిజ్ ఆగిపోతే, అమ్మ ఇన్సులిన్‌ను ఒక చిన్న సీసాలో బిగించి, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో దాచింది కూడా ఆమే. ఆమె భర్త ఆ రోజు వరదకు అవతల చిక్కుకుని ఉన్నాడని నాకు మర్నాటికి గానీ తెలియలేదు. భయం వేయడం లేదా అమ్మా అని అడిగాను. "భయం సంగతి నీళ్లు దిగాక చూద్దాం బాబాయ్ గారూ, ముందు ఆ గ్లాసు ఇటివ్వండి" అన్నది. ముప్పై ఏళ్లు ఆఫీసులో మనుషుల చేత పని చేయించి, నాయకత్వం మీద శిక్షణ తరగతులకు కూడా వెళ్లివచ్చిన నేను, ఆ గ్లాసు అందించి పక్కకు జరిగాను.

ఇక పడవ. సముద్రతీరం నుంచి వచ్చిన మత్స్యకార యువకుడొకడు సోమవారం మా వీధిలోకి వచ్చాడు. నీళ్ల కింద ఏ కారు ఉందో, ఏ ప్రహరీ ఉందో కనిపించని చోట గెడతో తడుముకుంటూ నడిపాడు. అప్పటికే ఎనిమిది మంది ఎక్కారు. ఇంకొకరికి చోటు లేదు, మళ్లీ వస్తాను అన్నాడు. నేను అరిచాను. ముసలితల్లిని వదిలేసి పోతావా అంటూ నోటికి వచ్చిన మాటలన్నీ అన్నాను. అతను తిరిగి ఒక్క మాట అనలేదు, పడవలోకి ఎక్కించుకోనూ లేదు. ఖాళీ ఇన్సులిన్ పెట్టె, మందుల చీటీ మాత్రం అడిగి తీసుకుని వెళ్లిపోయాడు. చీకటి పడకముందే మందుతో తిరిగి వచ్చి, అమ్మను తన భుజం మీద దించి కూర్చోబెట్టాడు. అలా తిడుతున్న మనిషి ముందు కాదని నిలబడడానికి ఎంత గుండె కావాలో, ఆ తొమ్మిదో మనిషి ఎక్కి ఉంటే ఏమై ఉండేదో ఇప్పుడు అర్థమవుతున్నది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. తమ్ముడూ, ఆ రోజు అన్న మాటలకు నన్ను క్షమించు.

నీళ్లు దిగాక ఇతర ఊళ్ల నుంచి వచ్చిన పారిశుద్ధ్య కార్మికులకు, ఫైరింజన్ గొట్టాలతో ఇళ్లలోని బురద కడిగిన సిబ్బందికి కూడా రుణపడి ఉన్నాం. ఆ బురదలో దొరికిన మా నాన్నగారి ఫొటోను ఒక కార్మికురాలు తన చీర చెంగుతో తుడిచి, ఎండ తగిలేలా పిట్టగోడ మీద ఆనించి వెళ్లింది.

చివరిగా ఒక సంగతి. మంగళవారం మా మేడ మీదికి పులిహోరతో వచ్చిన స్టీలు క్యాను ఇంకా మా దగ్గరే ఉంది. అడుగున చెక్కిన పేరు సగం అరిగిపోయింది, ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రం "వే" అని తెలుస్తున్నది. తోమి పెట్టాం. ఎవరిదో వారు వచ్చి తీసుకువెళ్లగలరు.