విషయం: మా కంప్యూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మాకివ్వకుండా తిప్పుతున్నందుకు ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

ఫోన్ చేస్తే మీ దాకా రానివ్వడం లేదు కాబట్టి స్పీడ్‌పోస్టులో రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

మావారూ నేనూ తెనాలిలో ఇంట్లోనే డీటీపీ పని చేసుకుంటాం. కింద గదిలో ఆయన డిజైన్ చేస్తారు, పై గదిలో నేను ప్రూఫు దిద్దుతాను. ఫైళ్ళన్నీ ఆయన కంప్యూటర్‌లో ఒక షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటాయి. మీ టెక్నీషియన్ కొత్త కంప్యూటర్ బిగించి వెళ్ళిన దగ్గర్నుంచి ఆ ఫైళ్ళు నాకు తెరుచుకుంటున్నాయి గానీ, దిద్ది సేవ్ కొడితే మాత్రం పర్మిషన్ లేదు, అడ్మినిస్ట్రేటర్‌ను అడగండి అంటోంది. ఇలాంటివి ఎక్కడైనా జరుగుతాయి, దానికి నాకు కోపం లేదు. ఆ తర్వాత మీవాళ్ళు మమ్మల్ని చూసిన తీరుకే ఈ ఉత్తరం.

మొదట ఫోన్ ఎత్తిన అబ్బాయి నేను చెప్పేది పూర్తి కాకుండానే రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమన్నాడు. ఫైలు తెరుచుకుంటోందంటే నెట్‌వర్క్ బాగానే ఉన్నట్టు కదా బాబూ అంటే, "ప్రాసెస్ అదే మేడమ్" అన్నాడు. తర్వాతి అమ్మాయికి పేరు, ఫోన్ నంబరు, బిల్లు నంబరు అన్నీ మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆమె మావారిని అదే ఫోల్డర్‌లో ఒక ఫైలు సేవ్ చేయమంది. అయింది. "సార్‌కి సేవ్ అవుతోంది కాబట్టి ఫోల్డర్‌లో ప్రాబ్లమ్ లేదు, మీ కంప్యూటర్‌లోనే ఉంది" అని తేల్చేసి పెట్టేసింది. ఇంకొకాయన పాస్‌వర్డ్ షేరింగ్ తీసేసి ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేస్తే సరిపోతుందన్నాడు. ఆ ఫోల్డర్‌లో ఊళ్ళోవాళ్ళ ఫోటోలు, అడ్రసులు, ఆధార్ కాపీలు ఉన్నాయి. మా వైఫైకి కలిసిన ప్రతివాళ్ళూ వాటిని తెరిచి చెరిపేసేలా పెట్టమని సలహా ఇస్తారా?

చివరికి హైదరాబాద్‌లో చదువుకుంటున్న మా అన్నయ్య కొడుకు ఫోన్‌లోనే అసలు సంగతి పట్టుకున్నాడు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ అని ఒకటి, సెక్యూరిటీ అని ఒకటి ఉంటాయట. నెట్‌వర్క్ మీద వచ్చేవాళ్ళకు ఆ రెండింటిలో ఏది తక్కువ అనుమతి ఇస్తే అదే చెల్లుతుంది. అదే కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళకు షేరింగ్‌లో పెట్టినది వర్తించదు. మీ టెక్నీషియన్ షేరింగ్‌లో ఎవ్రీవన్‌కి రీడ్, అంటే తెరిచి చూసే అనుమతి ఒక్కటే వదిలేసి వెళ్ళాడు. మావారికి సేవ్ అవడానికీ నాకు కాకపోవడానికీ కారణం అదే. రోజూ ఇదే పని చేసే మీ వాళ్ళలో ఒక్కరికీ ఇది తెలియదా, తెలిసినా చెప్పే తీరిక లేదా?

పోనీ మేమే మార్చుకుందామంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. ఆ అకౌంట్ మీ టెక్నీషియన్ పెట్టుకున్నది. మావారికి మామూలు యూజర్ అకౌంట్ ఇచ్చి, అడ్మిన్ పాస్‌వర్డ్ తన దగ్గరే ఉంచుకున్నాడు. అడిగితే "పాలసీ ప్రకారం ఇవ్వకూడదు మేడమ్, టెక్నీషియన్ వస్తారు" అన్నారు. ఎవరూ రాలేదు. ఎప్పుడొస్తారో కనుక్కుందామని మీ నంబరుకే ఫోన్ చేసి, ఆ మ్యూజిక్ వింటూ హోల్డ్‌లో ఉండగానే "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్ వచ్చింది. మా ఫిర్యాదు టికెట్‌లో కస్టమర్ ఫోన్ ఎత్తలేదని రాశారట. ఆ అబద్ధం రాసినవాళ్ళెవరో నాకు తెలియాలి.

ఈలోపు మేము పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లెక్కి దిగుతున్నాం. శ్రావణమాసం, చేతినిండా శుభలేఖలు. ఒక కార్డులో ముహూర్తం "ఉదయం 10.42" అని ఉంటే "రాత్రి 10.42" అని నేను దిద్దాను. పెన్‌డ్రైవ్‌లో మిగిలిన పాత కాపీ ప్రెస్సుకు వెళ్ళింది. ప్రెస్సు ఆయనకు అనుమానం వచ్చి ఫోన్ చేయబట్టి ఆగింది. అది అచ్చయి ఉంటే పెళ్ళివాళ్ళకు ఏం చెప్పేవాళ్ళం? ఈ ఊళ్ళో మా పనికున్న పేరు ఏమైపోయేది?

మా మొదటి కంప్యూటర్ మీ దగ్గరే కొన్నాం. మా బావగారిని, మా వీధిలో ట్యూషన్ మాస్టారిని మీ షాపుకే పంపాం. ఎక్కడో తక్కువకు వస్తుందన్నా, కష్టమొస్తే పలుకుతారని మీ దగ్గరికే వచ్చాం. ఏడాది సర్వీసు కాంట్రాక్టుకు విడిగా డబ్బు కట్టాం. ఆ కాగితం మీద "హోమ్ నెట్‌వర్క్, ఫైల్ షేరింగ్" అని మీరే అచ్చు వేశారు. ఇప్పుడేమో అది సాఫ్ట్‌వేర్, మా పరిధిలోకి రాదంటున్నారు.

మా కంప్యూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మాకివ్వండి. లేదా పని తెలిసిన మనిషిని పంపి, మా ఎదురుగా ఆ అకౌంట్ మా పేరున మార్పించండి. కాంట్రాక్టు డబ్బు కూడా వెనక్కి ఇవ్వాలి. వారంలోగా మీ స్థాయి మనిషి ఫోన్ చేయకపోతే 1915కు చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను. అప్పటికీ కదలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద గుంటూరు జిల్లా కమిషన్‌కు వెళతాను. మేము కట్టింది 5 లక్షల లోపే కాబట్టి అక్కడ ఫీజు కూడా లేదు. బిల్లు, కాంట్రాక్టు కాగితం, మీ మెసేజ్‌ల ప్రింట్లు జతచేశాను. ఇంకో సెట్టు నా దగ్గర ఉంచుకున్నాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
తెనాలి