నెల్లూరు ఆటోనగర్ మెకానిక్ అన్నకు, ఒంగోలు షాపు పెద్దాయనకు కృతజ్ఞతలు

అమ్మకు కళ్లు చూపించడానికి నెల్లూరు నుంచి ఒంగోలు వెళ్లిరావడం ఇప్పుడు నాకు టెన్షన్ లేని పని. అందుకు కారణమైన ఇద్దరికీ నలుగురిలో ధన్యవాదాలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు, అందుకే పెట్టడం లేదు.

మాది మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్ కారు. ఊళ్లో బాగానే నడిచేది. హైవే మీద లారీని దాటుదామని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాత్రం జర్కులు కొట్టేది, చెక్ ఇంజిన్ లైటు కొట్టుకునేది. వెనక అమ్మ భయంతో ముందు సీటు పట్టుకునేది. అంతకుముందు స్పార్క్ ప్లగ్గులు (నిప్పురవ్వతో పెట్రోల్‌ను మండించేవి) మార్చిన చోట అడిగితే మొదట పెట్రోల్ కల్తీ అన్నారు, తర్వాత టర్బోనే పోయిందన్నారు. ఆ ఖర్చు విన్నాక ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

ఆటోనగర్ అన్న టర్బో జోలికే పోలేదు. స్కానర్ పెడితే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే పెట్రోల్ సరిగ్గా మండడం లేదని వచ్చింది. ప్లగ్గుకు కరెంటు అందించే ఆ సిలిండర్ కాయిల్‌ను మూడోదానికి, మూడోదాన్ని దీనికి మార్చి కోవూరు దాకా తోలి చూశాడు. మిస్‌ఫైర్ రెండోదాంట్లోనే ఉంది. "కాయిల్ మంచిదే అబ్బయా, ప్లగ్గు చూద్దాం" అన్నాడు. ఇంజిన్ చల్లారేదాకా ఆగి, ప్లగ్గుల చుట్టూ ఉన్న దుమ్మంతా గాలి కొట్టి ఊదేశాకే విప్పాడు. గేజ్ పెడితే ప్లగ్గు మొన దగ్గర నిప్పురవ్వ దూకే సందు (గ్యాప్) 1.1 మిల్లీమీటర్లు. మా బండికి కంపెనీ చెప్పింది 0.8 లోపు.

టర్బో గాలిని ఒత్తి లోపలికి తోస్తుంది. పీడనం పెరిగేకొద్దీ ఆ సందు దాటడానికి నిప్పురవ్వకు ఎక్కువ వోల్టేజి కావాలి. మెల్లగా పోయేటప్పుడు దాటేస్తుంది, టర్బో గాలి ఒత్తిడి (బూస్ట్) అందుకోగానే కాయిల్‌కు శక్తి చాలదు. అలాగని మరీ దగ్గర చేస్తే రవ్వ చిన్నదైపోయి ఐడ్లింగ్‌లో ఇంజిన్ వణుకుతుందట.

పైగా అవి టర్బో లేని ఇంజిన్ ప్లగ్గులు, ఒక మెట్టు వేడివి, అంటే వేడిని బయటికి తక్కువగా పంపేవి. పింగాణీ మొన తెల్లగా కాలిపోయి ఉంది. సరైనవి ఒంగోలు పెద్దాయన తెప్పించారు. షాపులో ఉన్నవి అంటగట్టకుండా "ఇవి నీ బండికి పనికిరావు నాయనా, రెండ్రోజులు ఆగు" అన్నారు. ఎన్‌జీకే, డెన్సో కంపెనీల ప్లగ్గుల మీద అంకె పెరిగేకొద్దీ చల్లని ప్లగ్గని, బాష్‌లో తిరగేసి ఉంటుందని ఓపిగ్గా చెప్పారు. ఇంకో మెట్టు చల్లనివి వేస్తే మేలా అని అడిగాను. పవర్ పెంచే ట్యూనింగ్ చేయని బండికి వద్దు, మసి పడుతుందన్నారు. ఎక్కువ అమ్ముకోవడం కంటే సరైనది ఇవ్వడం ముఖ్యమనుకునే వ్యాపారి దొరకడం మా అదృష్టం.

కొత్తవైనా అన్న ఒక్కొక్కటీ కొలిచాడు. ఇరీడియం లోహపు మొన పెన్సిల్ ముల్లంత సన్నం, దాని మీద ఒత్తిడి పడనివ్వలేదు. పైనున్న వంపు కొక్కేన్నే కొద్దికొద్దిగా వంచి 0.75కు తెచ్చాడు. గేజ్ తీగ పట్టీ పట్టనట్టు జారాలంటూ నా చేతికిచ్చి చూపించాడు. మరల మీద గ్రీజు పూయలేదు. ముందు చేత్తో తిప్పి, చివర్లో ఎంత బిగువు పడిందో కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాడు.

కూలి తప్ప పైసా ఎక్కువ తీసుకోలేదు. అన్నా, మీ దగ్గర పని నేర్చుకునే పిల్లలకు చూపించడానికి పాత ప్లగ్గులు అడిగారుగా, డబ్బాలో దాచి ఉంచాను. ఈసారి ఆయిల్ మార్చడానికి వచ్చినప్పుడు తెస్తాను.