కూటాలకు కొదవలేదు, చెప్పుకునే చోటే లేదు

సంపాదకులకు నమస్కారం.

ఈస్టరుకు ముందు శ్రమల దినాలు మొదలైతే జడ్చర్ల, నాగర్‌కర్నూల్, దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లలో నలభై రోజులూ ఇంటింటా ప్రార్థనలే. ఎం.బి. (మెన్నొనైట్ బ్రదరెన్) సంఘమైనా, బాప్టిస్టు సంఘమైనా, నిన్నగాక మొన్న రేకుల షెడ్డులో మొదలైన సంఘమైనా వరస ఒకటే: నాలుగు పాటలు, వాక్యం, ప్రార్థన మనవులు, చాయ్. మనవుల్లో వినిపించేవి మోకాళ్ల నొప్పి, పిల్లోడి ఉద్యోగం, బోరులో నీళ్లు. తాగుడు మళ్లీ మొదలైందనో, ఫోన్లో చూడకూడనివి చూస్తున్నాననో, అసలు ప్రార్థన మీదే మనసు నిలవడం లేదనో ముప్పై మంది నడుమ, పైగా మైకు పెట్టిన వాకిట్లో, ఎవరు నోరు విప్పుతారు?

కథోలికుల నల్లగొండ మేత్రాసనం (బిషప్ పరిధి) విచారణల్లో, అంటే స్థానిక చర్చిల్లో, గురువు దగ్గర పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం ఉంది. అక్కడ విన్నది ఆయన ఏ పరిస్థితిలోనూ బయటపెట్టకూడదు. మిగతా సంఘాల్లో యాకోబు పత్రిక 5:16 చదువుతారు, పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోవాలని బోధిస్తారు. ఆ ఒకరు ఎవరో మాత్రం ఎవరూ ఏర్పాటు చేయరు. పెద్ద కూటాలు పెద్ద కూటాలుగానే ఉండనిచ్చి, వాటి పక్కన ముగ్గురు నలుగురి జట్లు కట్టమని అయ్యగార్లను, పెద్దలను కోరుతున్నాం.

మగవాళ్లు వేరు, ఆడవాళ్లు వేరు. నలుగురు దాటితే ఎవరో ఒకరి వంతు ఎగిరిపోతుంది. తోడికోడళ్లు, వియ్యంకులు, బాకీలున్నవాళ్లు ఒకే జట్టులో పడకూడదు. వారానికి ఒక్కసారి, నాట్ల కాలంలోనూ పత్తి ఏరే రోజుల్లోనూ రాత్రి బువ్వలయ్యాక, గంటకు మించకుండా కూర్చుంటే చాలు. మనిషికి పది నిమిషాలు. ఒకరు చెప్తుంటే మిగతావాళ్లు వినాలి, అంతే. మధ్యలో వచనం అందించొద్దు. ఎంత మంచి వచనమైనా మాట ముగియకముందే పడితే నోరు మూయించినట్టే.

‘బలహీనంగా ఉన్నాను, ప్రార్థించండి’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ రోజు, ఏ వేళ, ఎవరితో, జేబులో ఎంత ఉన్నప్పుడు అన్నంతవరకు రావాలి. మేస్త్రీ శనివారం సాయంత్రం కూలి పంచుతాడు, ఇంటికి పోయే దారిలోనే వైన్స్ ఉంది అనుకోండి. కూలి భార్య ఫోన్‌పేకు వేయమని శుక్రవారమే మేస్త్రీకి చెప్పుకోవాలి. జట్టులో ఒకరు ఆ పూట బండి మీద ఎక్కించుకుని ఇంటి ముందు దించాలి. రాత్రి తొమ్మిదికి ఇంకొకరు ఫోను చేయాలి. గలతీ 6:2లో ఒకరి భారం ఒకరు మోయమన్న మాట శనివారం ఐదున్నరకు ఇట్లా పనిలోకి దిగుతుంది.

మెథడిస్టుల తరగతి కూడికలు 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మొదలైంది మందిరం అప్పు తీర్చడానికే. పన్నెండు మందికి ఒక నాయకుడు, మనిషికి వారానికో పెన్నీ. వసూలుకు ఇంటింటికీ తిరిగితే ఎవరి ఇల్లు ఎట్లా నడుస్తుందో బయటపడింది, చివరికి అదే ఆత్మీయ పరామర్శగా మారింది. చందా పుస్తకం పట్టుకుని తిరిగే మన పెద్దలకు ఈ సంగతి పనికొస్తుంది.

జట్లు చెడేది రెండింటి వల్ల. ఒకటి, విన్న మాట బయటికి పొక్కడం. ఆదివారం ప్రసంగంలో పేరు చెప్పకుండా ఉదాహరణగా వాడినా, చిన్న ఊళ్లో ఎవరి సంగతో అందరికీ అర్థమవుతుంది. చెప్పినవాళ్లు ఒప్పుకోకుండా పాస్టరుగారి చెవిన కూడా వేయొద్దు, వాట్సాప్ ప్రార్థన గ్రూపు మాట ఎత్తనే వద్దు. రెండోది చేబదులు. జట్టులో రెండు వేలు చేతులు మారాయంటే, తీర్చలేని మనిషి కూడికకు రావడం మానేస్తాడు. గుట్టుకు మినహాయింపులూ మొదటి రోజే చెప్పాలి: చచ్చిపోతానన్న మాట, పిల్లలపై లైంగిక దాడి. పిల్లలపై దాడి సంగతి తెలిసీ దాస్తే 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం.

మన జిల్లాల్లో అన్నిటికన్నా భయపడాల్సింది కల్తీ కల్లు. అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లుకు అలవాటుపడిన మనిషి మారుమనసు పొంది ఒక్క రోజులో మానేస్తే, ఒకటి రెండు రోజుల్లోనే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, పొంతన లేని మాటలొస్తాయి, ఫిట్స్ కూడా రావచ్చు. చూసినవాళ్లు దురాత్మ అంటారు. ఉపవాసం పెట్టి తెల్లవార్లూ విడుదల ప్రార్థన చేయిస్తారు. నీళ్లు, తిండి, నిద్ర మూడూ పోయి ప్రాణం మీదికొస్తుంది. అలాంటి మనిషిని ముందు జనరల్ ఆసుపత్రికి తీసుకుపోవాలి, మెల్లమెల్లగా మాన్పించే వైద్యం ఉంది. పక్కన కూర్చోవడం, మందులు వేళకు అందించడం, తలవైపు నిలబడి మెల్లగా ప్రార్థించడం జట్టు పని.

దిగులు కూడా అంతే. చావు కోరుకున్న ఏలీయాకు దూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. దేవుని మాట ఆ తర్వాతే వచ్చింది (1 రాజులు 19). రెండు వారాలుగా నిద్రా తిండీ లేనివాళ్లను ‘విశ్వాసం తక్కువ’ అనొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సాయం టెలి మానస్ 14416కు ఫోను కలపండి. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ప్రార్థనతోనే నయమైందని సాక్ష్యం చెప్పించడం కోసం డాక్టరు రాసిన బిళ్లలు ఆపించొద్దు.

పుణె, ముంబై పనులకు పోయేవాళ్ల పేరు జట్టులోంచి కొట్టేయొద్దు. ఫోను చేసే రోజు, వేళ బస్సెక్కకముందే ఖాయం చేసుకోవాలి. పదిమంది ఉండే గదిలోంచి మాట్లాడలేరు, బయటికి రావడానికి వీలయ్యే వేళ చూసుకోవాలి. రెండు వారాలు ఎత్తకపోతే మేస్త్రీకి ఫోను చేయాలి. ఆ నంబరు వాళ్లు పోయేరోజే రాయించుకోండి.

కొందరు సంఘ పెద్దలు, స్త్రీల సమాజం సభ్యులు
జడ్చర్ల