ఆ ల్యాబు అమ్మాయికి చేతులెత్తి నమస్కారం

మా అమ్మాయిని నిన్న రాత్రి ఆసుపత్రి నుంచి నర్సంపేటకు తీసుకొచ్చాం. కళ్ళు మూతలు పడుతున్నాయి, అయినా ఈ నాలుగు మాటలు రాయనిదే నిద్ర పట్టేలా లేదు.

విడవని జ్వరం, కీళ్ళ నొప్పులు, ఊడిపోయే జుట్టు, ఎండకు బుగ్గలపై ఎర్రటి దద్దు. ఒకరు టైఫాయిడ్ అన్నారు, ఒకరు రక్తహీనత అన్నారు. చివరికి ఒక డాక్టరుగారు ఏఎన్ఏ పరీక్ష రాశారు, ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడుతోందేమో చూసే రక్తపరీక్ష అట. హన్మకొండలోని ల్యాబులో రిపోర్టు తీసుకుని, ‘పాజిటివ్, 1:320’ అని చూడగానే అక్కడే కూలబడ్డాను.

రక్తం తీసిన అమ్మాయి అప్పటికే డ్యూటీ దిగి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోతోంది. నన్ను చూసి ఆగింది. మంచినీళ్ళు తెచ్చి పక్కన కూర్చుంది. “అమ్మా, నేను డాక్టరును కాను. కానీ ఈ ఒక్క పరీక్షతో జబ్బు తేలదు. ఏ జబ్బూ లేనివాళ్ళకూ ఇది పాజిటివ్ రావచ్చు. డీఎస్-డీఎన్ఏ, స్మిత్ యాంటీబాడీలు, సీ3, సీ4 అనే రక్తపరీక్షలు కూడా చూసి లూపస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటిని దెబ్బతీసే జబ్బు, అవునో కాదో పెద్ద డాక్టర్లు చెబుతారు” అంది. తర్వాత మా అమ్మాయి చెయ్యి పట్టుకుని, “చెల్లీ, మూత్రంలో నురుగు వస్తోందా?” అని అడిగింది. పిల్ల తల దించుకుని అవునంది. కన్నతల్లిని, నాకే చెప్పలేదు!

రిపోర్టు వెనక పెద్ద అక్షరాలతో ‘నురుగు, కాళ్ళ వాపు, మూత్ర పరీక్ష’ అని రాసిచ్చింది. హైదరాబాద్‌లో రుమటాలజిస్టుగారు (కీళ్ళ జబ్బులు, లూపస్ లాంటివి చూసే డాక్టరు) ఆ రాత చదివి వెంటనే మూత్ర పరీక్ష చేయించారు. మూత్రంలో ప్రొటీన్ పోతోంది, నురుగు దానివల్లేనట. డీఎస్-డీఎన్ఏ బాగా ఎక్కువ, సీ3, సీ4 తక్కువ, లూపసేనన్నారు. కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీలో లూపస్ కిడ్నీలకు పాకిందని తేలింది. ఇంకా ఆలస్యమై ఉంటే కిడ్నీలు బాగా దెబ్బతినేవన్నారు. ఇప్పుడు స్టెరాయిడ్లు, హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నాం, వాపు తీసింది.

ఆ అమ్మాయి పేరు రాయను, తన ఉద్యోగానికి ఇబ్బంది రాకూడదు. తల్లీ, నీ కడుపు చల్లగా ఉండాలి.

మా వారు, మా తమ్ముడు వెంటే ఉన్నారు, వాళ్ళకు వేరే చెప్పాలా!

ఒక్క బాధ మాత్రం దాచుకోలేను. లూపస్ వచ్చేవాళ్ళలో పదింట తొమ్మిది మంది ఆడవాళ్ళేనట. అయినా ఆడపిల్ల నీరసమంటే ఐరన్ మాత్రలు రాసి పంపేస్తున్నారు. మామూలు మూత్ర పరీక్షకు అయ్యే ఖర్చెంత? ఇన్నాళ్ళూ ఒక్కరూ ఎందుకు రాయలేదు? శాంపిల్ హైదరాబాద్ వెళ్ళాలి, రిపోర్టు కోసం ఎదురుచూడాలి, మళ్ళీ మేమే కాజీపేటలో రైలెక్కి వెళ్ళాలి. జిల్లాల్లోని పిల్లల ప్రాణాలకు విలువ లేదా?

అయ్యో, మరిచాను. రైల్లో కింది బెర్తు ఇచ్చిన పెద్దాయనకు, బయాప్సీ రాత్రి మా పిల్ల దగ్గర కూర్చున్న పక్క మంచం పేషెంటు వాళ్ళ అక్కకు, మా గేదెకు మేత వేసిన ఎదురింటి వదినకు కూడా దండాలు. స్టేషన్‌లో డబ్బులు తీసుకోకుండా వెళ్ళిపోయిన ఆటో తమ్ముడూ, ఇది చదివితే ఒకసారి ఇంటికి వచ్చి భోంచేసి వెళ్ళు.