ఆ నోటు పుస్తకాల సంగతి కూడా రాయాల్సింది

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్నటి ఆదివారం అనుబంధంలో కంబోడియా మీద మీరు వేసిన వ్యాసం చదివాను. ఆంగ్కోర్ వాట్ ఫొటోలు చాలా బాగున్నాయి. చివర్లో మాత్రం ఒక మాట దగ్గర ఆగిపోయాను. 1975లో కమ్యూనిస్టు నియంత పోల్‌పాట్ మనుషులు వచ్చాక అక్కడ సాహిత్యమన్నదే లేకుండా పోయిందని రాశారు. అక్కడితో వ్యాసం అయిపోయింది. తర్వాత ఏమైందో కూడా రాస్తారేమోనని పేజీ తిప్పి చూశాను, వెనక సుడోకు ఉంది.

నేను సాహిత్యం మనిషిని కాను. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూసేవాణ్ణి. ఆ ఉద్యోగం మీదే 2008 నుంచి 2015 దాకా కంబోడియా రాజధాని ఫ్నోం పెన్‌లో ఉన్నాను. మార్కెట్లో కూరగాయలమ్మేవాళ్లు నన్ను 'క్లెంగ్' అనేవాళ్లు. ఇండియా వాడు అని అర్థం. కళింగ అన్న మాటే అలా అయిందంటారు. మొదట్లో తిడుతున్నారేమోనని టెన్షన్ పడ్డాను గానీ, సంగతి తెలిశాక ముచ్చటేసింది.

నేను అద్దెకున్న ఇంటావిడ రిటైరైన టీచరు. ఆవిణ్ణి బోంగ్ అని పిలిచేవాణ్ణి. అక్కకీ అన్నకీ వాళ్లకు అదొక్కటే మాట. రాత్రి భోజనాలయ్యాక ఆవిడే నాకు అక్షరాలు దిద్దించింది. కా, ఖా, కో, ఖో, ఙో అని చదువుతుంటే మన క, ఖ, గ, ఘ, ఙ వరసే వినిపించింది. అక్షరం కింద వత్తు కూడా ఉంది. దాన్ని వాళ్లు 'కాలు' అంటారు. ఆ మాట విన్నాక మన వత్తులు కూడా నాకు కాళ్లలాగే కనిపిస్తున్నాయి.

ఆవిడ చేత నేను మొదట చదివించుకున్న నవల 'సోఫాత్'. రిమ్ కిన్ 1938లో రాశాడు. 1940ల మొదట్లో వియత్నాంలోని సైగాన్‌లో అచ్చయింది. ఖ్మేర్ అంటే కంబోడియా వాళ్ల భాష. ఆధునిక ఖ్మేర్ నవల అనగానే ముందు చెప్పే పేర్లలో అదొకటి. నవలను వాళ్లు 'ప్రలోమ్‌లోక్' అంటారు. 'లోక్' మన లోకమే, 'ప్రలోమ్' అంటే ఆశపెట్టడం. లోకుల్ని ఆశపెట్టి లాక్కుపోయే కథ అన్నమాట. తాటాకుల మీద పద్యాలకూ ధర్మకథలకూ అలవాటుపడ్డ పెద్దవాళ్లు ఈ కొత్త సరుకును ఎంత అనుమానంగా చూసి ఉంటారో ఆ పేరులోనే తెలుస్తుంది.

అసలు సంగతికొస్తాను. 1953 నవంబర్‌లో ఫ్రెంచివాళ్ల నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే రచయితలంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. పేరు 'సమాకుమ్ నేక్ నిపోన్ ఖ్మేర్'. సమాకుమ్ అంటే మన సమాగమం, నిపోన్ అంటే నిబంధం. ఖ్మేర్ రచయితల సంఘం. మొదటి అధ్యక్షుడు ఆ రిమ్ కినే. ఆయన 1959లో పోయాడు, సంఘం మాత్రం నిలబడింది. 1960లలో పోటీలు పెట్టి ఇంద్రదేవి పేరు మీద బహుమతి ఇచ్చింది. ఇంద్రదేవి ఏడవ జయవర్మన్ రాణి. చనిపోయిన తన చెల్లెల్ని పొగుడుతూ సంస్కృతంలో శాసనం రాసిన పండితురాలు. మీ వ్యాసంలో జయవర్మన్ కట్టిన గుళ్లన్నీ ఉన్నాయి, ఆవిడ మాత్రం లేదు.

రచయితల సంఘం అనగానే శాలువాలూ సన్మానాలూ గుర్తొచ్చి నవ్వుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. బోంగ్ దగ్గర ఒకసారి ఆ మాటే అన్నాను కూడా. ఆవిడ నవ్వలేదు. "మేం బళ్లో చదువుకునే రోజుల్లో లెక్కలూ సైన్సూ ఫ్రెంచిలో చెప్పేవాళ్లు. ఖ్మేర్‌లో రాసేవాడు కూడా రచయితేనని మాకు తెలియాలిగా" అంది. బళ్లలో బోధన ఖ్మేర్‌లోకి మారడం మొదలైంది 1967లో. అంతదాకా సొంత భాషలో రాసేవాడికి ఒక పేరు, ఒక బహుమతి, పేపర్లో ఒక ఫొటో ఉండటం ఎంత పెద్ద విషయమో అప్పటిదాకా నా బుర్రకు తట్టలేదు.

ఆవిడ తరం పాఠాల్లో మూడు నవలలు తప్పకుండా ఉండేవట. 'సోఫాత్', ఞోక్ థెమ్ రాసిన 'కొలాప్ పైలిన్', నూ హాచ్ రాసిన 'ఫ్కా స్రపోన్'. కొలాప్ అంటే మన గులాబే. పైలిన్ రత్నాల గనులున్న ఊరు. గని యజమాని దగ్గర పనికి చేరిన పేద కుర్రవాడి కథ అది. 'ఫ్కా స్రపోన్' అంటే వాడిన పువ్వు. పెళ్లికొడుకు ఇంట్లో డబ్బు పోగానే పెద్దవాళ్లు కుదిరిన సంబంధం చెడగొడితే పిల్ల మంచంపట్టి చనిపోతుంది. ఇది చెప్తూ బోంగ్ కళ్లు తుడుచుకుంది. యాభై దాటిన మనిషి, అంతకన్నా ఎన్నో చావులు కళ్లారా చూసిన మనిషి.

1975 ఏప్రిల్ 17న పోల్‌పాట్ మనుషులు ఫ్నోం పెన్ ఊరంతా ఖాళీ చేయించినప్పుడు ఆవిడకు ఇరవై ఏళ్లు. చదువుకున్నానని చెబితే ప్రాణం పోతుందని కూరలమ్మే పిల్లనని చెప్పుకుందట. అక్షరం రానట్టు నటించడం మూడున్నరేళ్లు. ఎవరైనా కాగితం చేతికిస్తే తలకిందులుగా పట్టుకునేదాన్నని చెప్పింది. నూ హాచ్ ఆ రోజుల్లోనే కనిపించకుండా పోయాడు. ఆయనలా పోయినవాళ్లు ఎందరో. నేషనల్ లైబ్రరీలో పుస్తకాలు బయట పారేసి అక్కడ పందుల్ని పెంచారు. 1924లో కట్టిన ఆ భవనం గోడ మీద ఫ్రెంచిలో ఒక వాక్యం చెక్కి ఉంటుంది. బలం కొంతకాలమే కట్టేస్తుంది, భావం ఎప్పటికీ బంధిస్తుంది అని. నేను చూసేటప్పటికి దాని కింద ఒకాయన మోటార్ సైకిల్ ఆపుకుని నిద్రపోతున్నాడు.

ఇక్కడిదాకా మీ వ్యాసంతో నాకు పేచీ లేదు. ఆ తర్వాతి మాట కూడా వినండి.

1979 జనవరిలో వియత్నాం సైన్యం పోల్‌పాట్ మనుషుల్ని తరిమేశాక జనం ఊళ్లోకి తిరిగొచ్చారు. అచ్చు యంత్రాలు ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. ప్రేమకథలు అచ్చుకావు. మరి రాసేవాళ్లు ఊరుకుంటారా? బళ్లో వాడే నోటు పుస్తకాల్లో చేత్తో నవలలు రాశారు. వాటికి చేత్తోనే కాపీలు తీసి మార్కెట్లో కొట్లవాళ్లు రోజుకింతని అద్దెకిచ్చారు. మావో సంనాంగ్ అనే రచయిత్రి అలా చేతిరాత నవలలతోనే మొదలుపెట్టి తర్వాత దేశమంతా చదివే పేరైంది. బోంగ్ పగలు బళ్లో పాఠాలు చెప్పి, రాత్రి కిరోసిన్ దీపం దగ్గర ఒక కొట్టతనికి కాపీలు రాసిచ్చేదట. ఒక నవల రాసిస్తే రెండు మూడు రోజుల కూరల ఖర్చు వచ్చేది. "ఎక్కడైనా కథ నచ్చకపోతే నేనే కొంచెం మార్చేసేదాన్ని" అని ఒకసారి రహస్యంగా చెప్పింది. ఒకే నవల ఆ మార్కెట్లో ఒకరకంగా, ఈ మార్కెట్లో ఇంకోరకంగా ముగిసి ఉంటుందని నా అనుమానం.

అలాంటి నోటు పుస్తకం ఒకటి ఆవిడ బీరువాలో మిగిలింది. నీలం సిరా. అట్ట మీద రంగు పెన్సిళ్లతో గీసిన ఒకమ్మాయి బొమ్మ. చివరి ఆకులు ఊడిపోయాయి. రాసినవాళ్ల పేరు ఎక్కడా లేదు. సాహిత్యం లేకుండా పోయిందన్నారే, దాన్ని నేను నా చేతులతో పట్టుకున్నానండీ.

రచయితల సంఘాన్ని 1993లో మళ్లీ నిలబెట్టారు. 1995లో రాజు సిహనూక్ పేరుతో బహుమతి వచ్చింది. కొత్తవాళ్లకు నవల ఎలా రాయాలి, పద్యం ఎలా కట్టాలి అని తరగతులు పెట్టారు. బోంగ్ చెల్లెలి కూతురు వెళ్తుంటే ఒక ఆదివారం నేనూ వెనకాల కూర్చున్నాను. సగం అర్థం కాలేదు. ఛందస్సు పేర్లు చెప్పినప్పుడు మాత్రం లేచి నిలబడబోయాను. కాకగతి, బ్రహ్మగీతి, భుజంగలీల! వాళ్ల నోట్లో అవి కాస్త నలిగి వినిపిస్తాయి గానీ పోల్చుకోవచ్చు. కాకగతిలో నాలుగేసి అక్షరాల పాదాలు ఏడు. కాకి గెంతినట్టే ఉంటుంది నడక. మన ప్రాస పాదం మొదట్లో రెండో అక్షరం దగ్గర పడితే వాళ్ల ప్రాస పాదం చివర పడుతుంది, ఒక పద్యాన్ని పట్టుకెళ్లి తర్వాతి పద్యానికి ముడేస్తుంది. ఆ మాస్టారు బల్ల మీద వేళ్లతో దరువేస్తూ రాగంగా చదువుతుంటే, ముందు వరసలో కాలేజీ కుర్రాళ్లు కూడా దరువేశారు. నేర్పాల్సిన తరం చాలావరకు చనిపోయిన దేశంలో, నేర్పడానికి ఒక గది, ఒక మనిషి, ఒక టైము ఏర్పాటు చేయడమే ఆ సంఘం చేసిన పెద్ద పనని నా అభిప్రాయం. బహుమతులు నాకంత ముఖ్యంగా తోచవు.

అంతా బాగుందని చెప్పను. సంఘానికి ప్రభుత్వంతో దగ్గరితనం ఎక్కువని అక్కడి రాసేవాళ్లే గొణుక్కోవడం విన్నాను. పోల్‌పాట్ పాలన కూలిన జనవరి 7 పేరుతో కూడా సాహిత్య బహుమతి ఉండేది. ఆ తేదీ కొందరికి విముక్తి రోజు, కొందరికి వియత్నాం సైన్యం వచ్చి కూర్చున్న రోజు. అలాంటి పేరున్న బహుమతికి రాసేవాడి కలం ఎక్కడ తడబడుతుందో మనం ఊహించుకోవచ్చు. బోంగ్ చెల్లెలి కూతురు రెండేళ్లు తిరిగి విసుగొచ్చి మానేసింది. తర్వాత 2002లో మొదలైన నూ హాచ్ సాహిత్య సంఘం పత్రిక తెచ్చుకుని చదివేది. కనిపించకుండా పోయిన ఆ నవలాకారుడి పేరే దానికి పెట్టారు. రెండు సంఘాలుండటం నాకైతే మంచిదే అనిపించింది. ఒకటే ఉంటే రచయితకు అలిగి వెళ్లడానికి ఇంకో గుమ్మం ఉండదు.

డబ్బు సంగతి చెప్పకపోతే అకౌంటెంటునే కాను. కాపీరైట్ చట్టం 2003లోనే వచ్చినా నేనున్నన్నాళ్లూ ఫొటోస్టాట్ పుస్తకాలే కొన్నాను. అవే దొరికేవి మరి. 'ఫ్కా స్రపోన్' అలా కొన్నదే, దాని వల్ల నూ హాచ్ కుటుంబానికి ఒక్క రియెల్ కూడా వెళ్లి ఉండదు. 2013లో ఆగ్నేయాసియా రచయితల అవార్డు తెచ్చుకున్న సోక్ చాన్‌ఫాల్ లాంటివాళ్లు కూడా పాటలు రాసి బతికారు. నవలలతో ఇల్లు గడవదు.

ఇంతకీ నేనడిగేది రెండే. వచ్చే ఆదివారం ఒక మూల, నాలుగు లైన్లలో అయినా సరే, ఆ మాట సవరించండి. రెండోది కాస్త స్వార్థం. 'ఫ్కా స్రపోన్'ను నిఘంటువు దగ్గర పెట్టుకుని మూడు అధ్యాయాలు తెలుగు చేశాను. ఖ్మేర్‌లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు కాబట్టి ఎక్కడ విరవాలో తెలియక ఒక్కో పేజీకి వారం పడుతోంది. అర్థం కాని చోట్ల ఫొటో తీసి బోంగ్‌కు పంపితే ఆవిడ చదివి వాయిస్ మెసేజ్ పెడుతుంది. మీ పేపర్లో వేసుకునే ఆలోచన ఉంటే, ముందు హక్కులు ఎవరినడగాలో మీ ఆఫీసులో తెలిసినవాళ్లెవరైనా చెబితే వాళ్లకు రాస్తాను. ఫొటోస్టాట్ కొన్నవాణ్ణి, ఈసారైనా అడిగి చేద్దామని. నా చేతిరాత అంత బాగోదు, అధ్యాయాలు టైపు చేయించే పంపుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అకౌంటెంట్
(పేరు వేయవద్దని మనవి)