ఖాళీ వదిలినందుకు జీతం కోస్తున్నారు: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. నాది గుంటూరు, బ్రాడీపేట. బీఎస్సీ జువాలజీ చదివి, పద్నాలుగేళ్లుగా మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేస్తున్నాను. అమెరికాలో డాక్టరు రోగిని చూశాక వివరాలన్నీ నోటితో చెప్పి రికార్డు చేస్తారు. ఆ ఆడియో మా దగ్గరకొస్తుంది. విని రిపోర్టుగా టైప్ చేసి పంపుతాం. చలికాలంలో అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిదైతే మనకు రాత్రి ఏడున్నర. అక్కడి డాక్టర్లు సాయంత్రం అయిదింటికి, ఇంటికి వెళ్లే తొందరలో గబగబా చెప్పేసిన ఫైళ్లు మాకు తెల్లవారుజామున మూడున్నరకు మొదలవుతాయి. కళ్లు మూతలు పడే వేళకే కష్టమైన ఫైళ్లన్నీ వచ్చి పడతాయి.

మాకు డబ్బులు గంటల లెక్కన రావు, లైన్ల లెక్కన వస్తాయి. మాటల మధ్య జాగాతో కలిపి 65 అక్షరాలైతే ఒక లైను. డాక్టరు స్పష్టంగా చెబితే నిమిషం ఆడియోకు నాకు మూడు నాలుగు నిమిషాలు చాలు. అదే డాక్టరు కారు నడుపుతూనో, ఏదో తింటూనో చెబితే ఆ ఒక్క నిమిషానికే పావుగంట పడుతుంది. ఆడియోను నడిపే ఫుట్ పెడల్ తొక్కుతూ వెనక్కి, మళ్లీ వెనక్కి. లైన్లు మాత్రం పెరగవు. ఇక ఫైళ్లు రాని రోజున రెండు గంటలు ఉత్తినే కూర్చోబెడతారు. లాగౌట్ అవ్వకూడదు. ఆ రెండు గంటలకు ఒక్క రూపాయి కూడా రాదు.

మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది మాత్రం బ్లాంక్ గురించి. వినపడని చోట మేం ఊహించి రాయకూడదు. ఖాళీ వదిలి, గుర్తు పెట్టి, డాక్టరునే చూసుకోమనాలి. శిక్షణలో నేర్పిన మొదటి పాఠం ఇదే. ఎందుకంటే చెవిని నమ్మడానికి లేని పని ఇది. ఇలియం అంటే చిన్నపేగు చివరి భాగం, ఇలియం అంటే తుంటి ఎముక కూడా. ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా, వినడానికి రెండూ ఒకటే. డిస్‌ఫేజియా అంటే మింగలేకపోవడం, డిస్‌ఫేసియా అంటే మాట సరిగా రాకపోవడం. హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ, వాటి సంగతి చెప్పక్కర్లేదు. ఇవైనా వెనకా ముందూ చదివితే తెలుస్తాయి. అంకెలకు ఆ ఆధారం కూడా ఉండదు.

ఒక రాత్రి ఇన్సులిన్ మోతాదు వచ్చింది. ఫిఫ్టీన్ అన్నారా, ఫిఫ్టీ అన్నారా? పదిహేను యూనిట్లా, యాభై యూనిట్లా? ఇరవైసార్లు విన్నాను, హెడ్‌ఫోన్స్ మార్చి విన్నాను. తేలలేదు. బ్లాంక్ వదిలి పంపాను. ఆ నెలాఖరున నా ఫైళ్లలో బ్లాంకులు ఎక్కువయ్యాయని క్వాలిటీ మార్కులు తగ్గించి ఇన్సెంటివ్ మొత్తం కోసేశారు. మా అమ్మకు షుగర్. రోజూ పొద్దున్నే ఆమెకు ఇన్సులిన్ ఇచ్చేది నేనే. పదిహేను వెయ్యాల్సిన చోట యాభై వేస్తే ఆ మనిషి స్పృహ తప్పి పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఆ రాత్రి నేను చేసింది తప్పని నా మనసు ఎప్పటికీ ఒప్పుకోదు.

కానీ ఇంటద్దె కట్టాల్సిన అమ్మాయి, పిల్లాడి స్కూలు ఫీజు గడువు దగ్గరపడ్డ అమ్మాయి ఏం చేస్తుంది? ఏదో ఒక అంకె వేసేస్తుంది. ఆమెను నేను తప్పు పట్టలేను. నిజాయితీగా ఖాళీ వదిలితే డబ్బు పోతుంది, ఊహించి రాస్తే పోదు. ఇలాంటి లెక్క పెట్టినవాళ్లను అడగాలి.

కొన్నేళ్లుగా ఇంకో సమస్య తోడైంది. ఇప్పుడు ముందు సాఫ్ట్‌వేరే విని టైప్ చేస్తుంది, మేం సరిదిద్దాలి. దీన్ని ఎడిటింగ్ అంటారు. టైపింగుకు ఇచ్చేదాంట్లో సగమే నాకు దీనికి ఇస్తున్నారు. మెషీన్ రాసింది పైపైన చదివితే చక్కగా ఉంటుంది. డాక్టరు ‘నొప్పి లేదు’ అన్నచోట ‘లేదు’ ఎగిరిపోతే వాక్యం ఏమీ చెడదు, అర్థం తలకిందులవుతుంది. దాన్ని పట్టుకోవాలంటే మొదటి నుంచి చివరి వరకు వినాల్సిందే. చెవికి పని తగ్గలేదండి, కూలి తగ్గింది.

2020లో కరోనా వచ్చాక విజయవాడ ఆఫీసు మూసేసి మమ్మల్ని ఇళ్లకు పంపారు. అప్పటిదాకా రోజూ రైల్లో వెళ్లి వచ్చేదాన్ని, ఆ బాధ తప్పిందని సంతోషించాను. తర్వాత కొత్త కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అందులో నేను ఉద్యోగిని కాదు, ఫ్రీలాన్సర్‌ని. పీఎఫ్ ఆగింది, ఈఎస్ఐ ఆగింది. మణికట్టు నొప్పితో వేళ్లు తిమ్మిరెక్కితే అంతకుముందు గుణదల ఈఎస్ఐ ఆస్పత్రికి వెళ్లేదాన్ని, ఇప్పుడు కొత్తపేటలో డబ్బు కట్టి చూపించుకుంటున్నాను. ఇంటర్నెట్టు, ఇన్వర్టరు, రోహిణి కార్తెలో ఏసీ కరెంటు బిల్లు అన్నీ నావే. అదే కంపెనీ, అదే సూపర్‌వైజరు, అదే షిఫ్టు. చెప్పకుండా ఒక రాత్రి సెలవు పెడితే మాత్రం ఉద్యోగినే.

మంత్రి గారూ, 2025 నవంబరు 21 నుంచి కేంద్రం తెచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్‌లో కనీస వేతనం పీస్ రేటు పనికి, అంటే ఎంత చేస్తే అంత లెక్కగట్టి డబ్బిచ్చే పనికి కూడా ఉంది. సామాజిక భద్రత కోడ్‌లో ఇంటి దగ్గర పనిచేసే కార్మికులంటే ఎవరో రాసి ఉంది. సామాను యజమాని ఇచ్చినా ఇవ్వకపోయినా సరే, ఇంట్లో కూర్చుని యజమాని కోసం సేవ చేసి డబ్బు తీసుకునేవాళ్లు అందులోకి వస్తారు. బీడీలు చుట్టే అక్కలకు వెయ్యి బీడీల లెక్క ఎలాగో మాకు లైన్ల లెక్క అలాగే. మాది కంప్యూటరు ముందు పని కాబట్టి ఐటీ వాళ్లనుకుని ఎవరూ మా గురించి అడగడం లేదు.

మా పనికి పీస్ రేటు మీ శాఖ నిర్ణయించాలి. ఎనిమిది గంటలు పనిచేసిన మనిషికి ఫైలు ఎలాంటిదైనా కనీస వేతనం తగ్గకూడదు. ఫైళ్ల కోసం లాగిన్ అయి ఎదురుచూసిన సమయం పనిగంటల్లోకి రావాలి. ఎడిటింగుకూ అదే న్యాయం. ఫ్రీలాన్సర్ కాగితాలు రాయించుకున్న సంస్థలకు కార్మిక శాఖ అధికారులను పంపి, లాగిన్ రికార్డులు తీయించి చూడమనండి. మేం ఎన్ని గంటలకు వచ్చామో, ఎన్నింటికి వెళ్లామో నిమిషాలతో సహా వాళ్ల సర్వర్లలోనే ఉంటుంది.

వీటన్నిటికంటే ముందు ఒక్క ఆదేశం ఇవ్వండి. వినపడని మాటకు ఖాళీ వదిలినందుకు ఎవరి జీతమూ కోయకూడదని.

ఇట్లు,
ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షనిస్టు,
బ్రాడీపేట, గుంటూరు