ఆ కుట్టుకు ఊరూ పేరూ ఉన్నాయి

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య విశాఖలో జరిగిన ఒక హస్తకళల ఎగ్జిబిషన్‌కి అమ్మని తీసుకెళ్ళాను. ఒక స్టాల్‌లో ‘ట్రైబల్ బ్యాగ్’ అని చీటీ కట్టిన సంచీ దగ్గర అమ్మ ఆగిపోయింది. దాన్ని తిరగేసి, లోపలివైపు బొటనవేలితో తడిమి చూసి, "ఇది ఎవరిదో కాంచళి చెయ్యి. కత్తిరించి సంచీకి అతికారు" అంది. కాంచళి అంటే మా లంబాడీ ఆడవాళ్ళ రవిక. పక్కనున్న సంచీల మీద మిషన్ కుట్టు, జిగురుతో అంటించిన అద్దాలు. అన్నిటికీ అదే చీటీ. ఎక్కడివి బాబూ అని అడిగితే, "అరకు నుంచి వస్తాయండీ" అన్నాడు అమ్మే అబ్బాయి.

అరకులో ఉండేది బగతలు, కొండదొరలు, ఖోందులు, పోర్జాలు. వాళ్ళ కట్టూబొట్టూ వేరు, మావి వేరు. అందరినీ ‘ట్రైబల్’ అనే ఒక్క చీటీ కింద కట్టేస్తే వాళ్ళకీ అన్యాయమే, మాకూ అన్యాయమే.

మాది అనంతపురం జిల్లాలో ఒక తండా. నాన్న ఉద్యోగం కోసం గాజువాక వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. అమ్మ పెళ్ళినాటి ఫేటియా, అంటే మా లంగా, ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉంది. అందులో అద్దం కుట్టిన పద్ధతి చూడాలి. అద్దానికి చిల్లు ఉండదు. ముందు దానిమీద నిలువుగా, అడ్డంగా దారాలు లాగి బిగిస్తారు. తర్వాత ఆ దారాలను అంచువైపు లాక్కుంటూ చుట్టూ దట్టంగా కుట్టుకుంటూ వస్తారు. ఇన్నేళ్ళయినా ఆ ఫేటియా నుంచి ఒక్క అద్దం రాలలేదు.

ఎద్దుల మీద ఉప్పూ ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన జనం మేము. రైళ్ళు వచ్చాక ఆ బతుకుతెరువు పోయింది. బ్రిటిష్‌వాళ్ళు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కిందకు మమ్మల్నీ చేర్చారు. 1952లో ఆ చట్టం రద్దయింది. మా నానమ్మ ఆ ముద్ర ఉన్న రోజుల్లోనే ఫేటియా కుట్టుకుంది, కట్టుకునే తిరిగింది. నేను మాత్రం బళ్ళో చదివేటప్పుడు, మీటింగ్‌కి చీర కట్టుకుని రమ్మని అమ్మని బతిమాలాను. ఆమె అలాగే వచ్చింది. ఆ తర్వాత ఫేటియా పండగలకే బయటికి తీసేది. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ బాధపడుతుంటాను.

కర్ణాటకలో సందూరు లంబాణీ కుట్టుకు జీఐ, అంటే ఈ వస్తువు ఫలానా ప్రాంతానిదేనని చెప్పే భౌగోళిక గుర్తింపు ఉంది. 2023 జులైలో హంపీలో జీ20 సమావేశం జరిగినప్పుడు అక్కడి ఆడవాళ్ళు 450 మందికి పైగా కలిసి తయారుచేసిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది. మనకు దగ్గర్లోని ఏటికొప్పాక లక్కబొమ్మలకు 2017లో జీఐ వచ్చింది. ఆంధ్రా తండాల కుట్టు కోసం కూడా ప్రభుత్వం అలాంటి ప్రయత్నం చేయాలి.

దానికి టైమ్ పడుతుందని తెలుసు. కానీ ఎగ్జిబిషన్లు పెట్టేవాళ్ళు రేపే చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి స్టాల్‌లో ఈ వస్తువు ఎవరు కుట్టారు, ఏ ఊరు, చేతికుట్టా మిషన్ కుట్టా అని తెలుగులో రాసిపెట్టించాలి. మిషన్‌వి అమ్ముకోవద్దని నేననను, మా పేరుతో అమ్మొద్దంటున్నాను. పాతబట్టలు కోసి సంచీలు చేసే బదులు, తండాల్లో ఇంకా కుట్టగలిగిన ఆడవాళ్ళకే నాలుగు స్టాళ్ళు అద్దె లేకుండా ఇవ్వండి.

ఆ రోజు అమ్మ ఆ సంచీ కొనిపించింది. ఇంటికొచ్చి కుట్లు విప్పి, కాంచళి ముక్కని తన ఫేటియా పక్కన పెట్టుకుంది. ఏ తండాదో రాసి ఉంటే పంపించేవాళ్ళం. చేతికుట్టునీ మిషన్ కుట్టునీ ఎలా గుర్తుపట్టాలో నేర్చుకుంటామని నిర్వాహకులు ఎవరైనా అడిగితే, అమ్మ వచ్చి చూపించడానికి సిద్ధంగా ఉంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గాజువాక, విశాఖపట్నం